నార్వే లెక్కలో ఎనిమిదో పేరు

బాపట్ల,
నవంబరు 9.

నాగరత్నం అత్తకి,

నీ మేనల్లుడు చైతన్య నమస్కారాలు. మామయ్యకి కూడా చెప్పు. వేటకి వెళ్ళి ఉంటే పడవ దిగాక చెప్పు.

ఫోన్లో అయితే ఇదంతా రెండు నిమిషాల కబురు. కానీ పోయిన వేసవిలో నువ్వు చేపలు ఎండబెట్టే అరుగుకి సిమెంటు పని ఉంది, వచ్చి నిలబడతానని ఫోన్లో చెప్పి రాలేదని నీకు కోపం. "ఇక నీ మాట నాకు కాగితం మీదే కావాలి" అని పది కవర్లు కొని, స్టాంపులంటించి, మీద అడ్రసు కూడా నువ్వే రాసి నా సంచిలో కుక్కావు. మొదటి కవరు ఖర్చు పెడుతున్నాను. పోస్టు డబ్బాలో వేస్తుంటే పక్కన టీ కొట్టాయన నన్ను పాపం అన్నట్టు చూశాడు.

ఉద్యోగం బాగానే ఉంది. మా ఆఫీసు పనేంటంటే, మన చుట్టుపక్కల వ్యాపారాల్లో ఎన్ని విదేశాలకి సరుకు పంపుతున్నాయో లెక్కపెట్టడం. పైవాళ్ళు దేశాలు పంచారు, మా అధికారి బసవేశ్వరరావు సార్ వాటిని మాకు పంచారు. మనిషికో దేశం. వినయ్ కుమార్‌కి అమెరికా వచ్చింది. చెరువు రొయ్యలన్నీ అటే వెళ్తాయి కాబట్టి అతను కుర్చీలోంచి లేవకుండా లెక్క పూర్తి చేసి, మిగతా టైములో గోళ్ళు కత్తిరించుకుంటాడు. నాకు నార్వే ఇచ్చారు.

నార్వే అంటే భూగోళం పైకప్పు మీద ఉండే దేశం. మంచు, చేపలు తప్ప ఏమీ లేవట. పోయినేడాది మన వైపు నుంచి నార్వేకి ఎగుమతి చేసే వ్యాపారాలు ఏడని రాసి ఉంది. ఈ ఏడాది ఎనిమిదన్నా కావాలి. తగ్గితే? అని అడిగాను. సార్ కోప్పడలేదు. ఆయన కోప్పడే మనిషి కాదు. "అంకె తగ్గడం అంటూ ఉండదు బాబూ, మనిషి తగ్గుతాడు" అన్నారు. నా కాంట్రాక్టు మార్చి ముప్ఫై ఒకటి వరకే. పొడిగిస్తారా లేదా అన్నది ఈ ఎనిమిది మీద ఉంది. డిగ్రీ అయ్యాక నాలుగేళ్ళు ఖాళీగా తిరిగినవాణ్ణి అత్తా, మళ్ళీ తిరగలేను.

రేపల్లె బజారులో నీకు తెలియని మనిషి లేడు. నార్వేకి ఏదైనా పంపేవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పు.

నీ మేనల్లుడు,
కృష్ణచైతన్య


రేపల్లె,
నవంబరు 21.

చైతన్యా,

ఎండు రొయ్యల గంపల మధ్య కూర్చుని రాస్తున్నాను. కవరు వాసనొస్తే నీ అత్త క్షేమం అని అర్థం చేసుకో.

ఏడో తరగతి తర్వాత ఇంత పెద్ద ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. అయినా నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు రాసినంత చక్కగా మాట్లాడతావా అంటే అదీ లేదు. నార్వే ఎక్కడుంది అని మీ మామయ్యని అడిగితే సముద్రం వైపు చెయ్యి చాపి "అటే" అన్నాడు. ఆయనకి అన్ని దేశాలూ అటే.

బజారంతా అడిగాను. నార్వేకి సరుకు పంపేవాళ్ళు ఎవరూ లేరు. నాలుగో వీధిలో ఒకాయన నార్వే నుంచి తనకి లాటరీ తగిలిందని మెసేజీ వచ్చిందన్నాడు. అది దిగుమతేమో నువ్వే చూసుకో.

ఇంకోటి గుర్తొచ్చింది, నవ్వకు. మన వీధి చివర బర్నబాస్ లేడూ, ఓడలో వంటమనిషి. ఓడెక్కబోయే ముందు ప్రతిసారీ నా దగ్గర రెండు కిలోల ఎండు రొయ్యలు కట్టించుకెళ్తాడు. పోయినసారి వాళ్ళ ఓడ నార్వేలో ఏదో రేవులో వారం ఆగిందట. నా రొయ్యలతో వంకాయ కూర వండి రేవులో పనిచేసేవాళ్ళకి పెడితే తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. రుచికో కారానికో బర్నబాస్ చెప్పలేదు. నేను రుచికే అనుకుంటున్నాను.

అంటే నా చేతి సరుకు నార్వే నేల తొక్కిందన్నమాట. నా పక్కన కూర్చుని అమ్మే పుష్పలతకి చెబితే మొహం మాడ్చుకుంది. దాని సావళ్ళ ఎండుచేపలు చెరుకుపల్లి దాటలేదు మరి.

వేళకి తిను. బాపట్లలో హోటలు కూరలు నీళ్ళు.

మీ అత్త,
నాగరత్నం


బాపట్ల,
డిసెంబరు 3.

అత్తా,

నీ ఉత్తరం చదివి నవ్వలేదు. లేచి నిలబడ్డాను.

ఎందుకో చెబుతాను. పోయినేడాది రాసిన ఆ ఏడు పేర్లనీ వెతకడానికి రెండు వారాలు బస్సుల్లో తిరిగాను. బాపట్లలో నార్వే టైలర్స్ అని ఒక షాపుంది. ఓనరు పాత క్యాలెండరులో మంచుకొండల బొమ్మ చూసి ఆ పేరు పెట్టాడట. ఆయన చేసిన అతి దూరపు ఎగుమతి పొన్నూరుకి నాలుగు జాకెట్లు. చుండూరు దగ్గర ఒక రైసుమిల్లు ఉంది, అందులో పావురాళ్ళు కాపురం ఉన్నాయి. చీరాల నేతగాడు ఒకాయన సూర్యలంక బీచిలో ఒక నార్వే దొరకి తువ్వాలు అమ్మించాడు. తువ్వాలు నేసినందుకు ఆయన పేరు ఒకటి, బీచిలో అమ్మినందుకు లాడ్జి ఆయన పేరు ఇంకొకటి. ఒక్క తువ్వాలుకి ఇద్దరు ఎగుమతిదారులు. ఇంకొకాయన అడ్రసు "సముద్రం పక్కన" అని ఉంది. ఒకాయన పోయి మూడేళ్ళయింది, వాళ్ళావిడ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

చివరికి తెనాలి వెళ్ళాను. శిల్పి రామకోటి గారు. అసలైన ఎగుమతి ఆయనొక్కరిదే అని చెప్పారు మా ఆఫీసులో. వెళ్ళి చూస్తే దొడ్లో ఒక కంచు విగ్రహం నడుం వరకు నిలబడి ఉంది. నార్వేలో ఎవరో ఆర్డరిచ్చి, పాదాల నుంచి నడుం వరకు అయ్యాక వద్దన్నారట. "పై సగం వాళ్ళు పంపమన్నప్పుడు పోస్తానండి" అన్నారాయన. పైగా జిల్లాలు విడిపోయాక తెనాలి గుంటూరు వైపు పోయింది. ఆ సగం విగ్రహాన్ని గుంటూరు వాళ్ళూ లెక్కేసుకుంటున్నారు, మేమూ వేసుకుంటున్నాం. అందుకేనేమో ఆయన నన్ను చూడగానే "మీది ఏ జిల్లా సార్?" అని అడిగారు.

ఇదంతా రిపోర్టు రాసి సార్ ముందు పెట్టాను. ఆయన ఓపిగ్గా చదివి, "బాగా రాశావు, కథలు రాస్తావా?" అని, చించి బుట్టలో వేశారు. "ఆ ఏడూ అలాగే ఉండనీ. ఎనిమిదోది చూడు" అన్నారు.

ఎనిమిదోది నువ్వే అత్తా. ఆ ఏడుగురిలో ఎవరికీ లేనిది నీకుంది. నీ సరుకు నిజంగా నార్వే వెళ్ళింది, నిజంగా నార్వే వాళ్ళు తిన్నారు. మొన్న సాయంత్రం ఫోన్ చేసి నీ ఫోనుకొచ్చిన ఆరంకెలు చెప్పమన్నాను చూడు, దానికే. నీ పేరు ఎక్కించేశాను.

భయపడకు. ఇది ఉత్త అంకె కోసం. నువ్వు నిజంగా ఎగుమతి వ్యాపారం చేస్తున్నావని కాదు, లెక్కలో ఒక పేరు కావాలి కాబట్టి నేనే రాసుకున్నాను. దీనివల్ల నీకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. నీకు కాగితం మీద కావాలంటావు కదా, ఇదిగో కాగితం మీదే రాసిస్తున్నాను.

నీ మేనల్లుడు,
కృష్ణచైతన్య


రేపల్లె,
డిసెంబరు 20.

ఒరే చైతన్యా,

అడక్కుండా ఎక్కించావు, అందుకు ముందు తిట్టాలి. తిట్టాననుకో. ఇక మిగతా సంగతి.

వచ్చేదీ లేదు అన్నావు గానీ వచ్చిందిరా. మన సర్కారు లెక్కలో నేను ఎగుమతిదారునని తెలిశాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. పెయింటరుని పిలిచి రేకు బోర్డు రాయించాను. "నాగరత్నం ఎండుచేపలు. నార్వే దేశమునకు ఎగుమతిదారులు." పక్కన ఓడ బొమ్మ వెయ్యమంటే వాడు నాటు పడవ వేశాడు. పోనీలే, ఇంటాయన పడవలాగే ఉంది.

బోర్డు పెట్టిన నాటి నుంచి చూడాలి నా గౌరవం. పదేళ్ళుగా గంప ముందు ముక్కు మూసుకుని వెళ్ళే మాస్టారు ఆగి, "నార్వే వాళ్ళకి ఇచ్చేదే ఇమ్మా" అని అడిగాడు. అదే గంపలోంచి తీసి అదే ఇచ్చాను. ఇంటికెళ్ళి రుచి మారిందన్నాడట. ఎవరూ బేరమాడటం లేదు. నార్వే వాళ్ళు ఆడరు కాబోలు అనుకుంటున్నారు.

పుష్పలత మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు టీ ఇప్పించి, "వదినా, మీ అల్లుణ్ణి అడుగు, ఇంకేమన్నా దేశాలు ఖాళీగా ఉన్నాయా?" అంది. అడిగానని చెప్పమంది, అడుగుతున్నాను. చిన్న దేశమైనా ఫర్వాలేదట.

మీ మామయ్య మాత్రం బోర్డు చూసి, "సముద్రం మీద తిరిగేది నేను, దేశాలు దాటింది నువ్వు" అని పోయి పడుకున్నాడు.

మీ అత్త,
నాగరత్నం


బాపట్ల,
జనవరి 27.

అత్తా,

నిన్న జెండా పండగకి బసవేశ్వరరావు సార్‌కి ప్రశంసాపత్రం ఇచ్చారు. నార్వే ఎగుమతుల్లో ఒక్క ఏడాదిలో పద్నాలుగు శాతం వృద్ధి అని మైకులో చదివారు. ఏడు ఎనిమిదయితే పద్నాలుగు శాతమట. ఎంత పెద్దగా వినపడిందో! స్టేజీ పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ, అందులో నీ బోర్డు ఫోటో, నువ్వు, నీ గంప. నువ్వు నవ్వుతున్నావు. ఆ ఫోటో నేనే ఇచ్చాను, అడిగితే కాదనలేకపోయాను.

దేశాల సంగతి పుష్పలత గారికి చెప్పు. డెన్మార్కు ఉంది గానీ ఇప్పుడే తొందరపడొద్దని చెప్పు. ఎందుకు అని అడక్కు, కొంచెం ఆగమను.

నా కాంట్రాక్టు పొడిగిస్తామని సార్ మాటిచ్చారు. నీ ఋణం తీర్చుకోలేను.

ఒక్కటి అడుగుతాను. బోర్డు కొన్నాళ్ళు లోపల పెట్టకూడదూ? ఎండకి రంగు పోతుంది.

నీ మేనల్లుడు,
కృష్ణచైతన్య


రేపల్లె,
ఏప్రిల్ 4.

కృష్ణచైతన్యకి,

ఒకటో తారీఖున రేషన్ షాపులో వేలు పెట్టాను. మిషను ఒప్పుకోలేదు. వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టాను. చేపల పనిలో వేళ్ళు అరిగిపోయాయేమో అనుకున్నాను. డీలరు తెర చూసి, "పిన్నీ, వేలు కాదు, నీ కార్డే లేదు" అన్నాడు.

మా వార్డు సచివాలయంలో పద్మజ అని ఒక అమ్మాయి ఉంటుంది, మంచి పిల్ల. కంప్యూటరులో చూసి చెప్పింది. మా కుటుంబంలో ఎగుమతిదారు ఉన్నారట. ఎగుమతిదారులకి బియ్యం కార్డు ఉండదట. నేను నవ్వి, "అమ్మా, అది ఉత్త అంకె, మా అల్లుడు రాసుకున్నాడు" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. "ఇంకోటి ఉందండి" అంది.

వేట నిషేధం పదిహేనో తారీఖు నుంచి. రెండు నెలలు పడవ కదలదు, ఆ రెండు నెలలకీ సర్కారు ఇచ్చే భృతి జాబితాలో మీ మామయ్య పేరు లేదు. ముప్ఫై ఏళ్ళుగా పడవ మీద ఉన్న మనిషి. ఆయన భార్య నార్వే వ్యాపారి కాబట్టి ఆయన జాలరి కాదట.

నాకేమీ తెలియదు, నేనేమీ చెయ్యలేదు అన్నాను. పద్మజ కంప్యూటరు ఇటు తిప్పి చూపించింది. మీ ఫ్లెక్సీ. బోర్డు కింద కూర్చుని నేను ఇకిలిస్తున్నాను.

బోర్డు లోపల పెట్టమని జనవరిలోనే ఎందుకు రాశావు? రంగు పోతుందనా?

నాగరత్నం


బాపట్ల,
ఏప్రిల్ 13.

శ్రీమతి నాగరత్నం గారికి,

విషయం: ఎగుమతిదారుల జాబితా నుండి పేరు తొలగింపు గురించి.
సూచిక: తమరి 4వ తేదీ ఉత్తరం.

పై విషయమై తెలియజేయునది ఏమనగా, జాబితా నుండి పేరు తొలగించుటకు ఎగుమతి విరమణ పత్రం సమర్పించవలెను. సదరు పత్రం పొందుటకు చివరిసారి ఎగుమతి చేసిన తేదీ, ఎగుమతి లైసెన్సు నంబరు జతపరచవలెను. లైసెన్సు లేని పక్షంలో ముందుగా లైసెన్సుకు దరఖాస్తు చేసి, అది మంజూరైన పిమ్మట కనీసం ఒక్క పర్యాయం ఎగుమతి చేసి, తదుపరి విరమించుకొనుచున్నట్లు తెలియజేసినచో తగు చర్య తీసుకొనబడును.

అత్తా, పైదంతా సార్ దగ్గర కూర్చుని రాశాను. ఆయన చూసి సంతకం పెట్టారు కూడా. ఎలా చెప్పినా అర్థం ఒకటే. నార్వేకి ఎగుమతి మానేయాలంటే నువ్వు ముందు మొదలుపెట్టాలి.

నా కాంట్రాక్టు ఏడాది పొడిగించారు. ఈ టైములో నేనేమీ గట్టిగా అడగలేను. కొంచెం ఓపిక పట్టు. నేను చూస్తాను.

కృష్ణచైతన్య


రేపల్లె,
మే 6.

ఒరే చైతన్యా,

అత్తకి సూచిక ఏంట్రా? నిన్ను ఒళ్ళో వేసుకుని గోరుముద్దలు పెట్టినప్పుడు ఏ విషయమై, ఏ సూచికతో పెట్టాను?

నీ ఉత్తరం మీ మామయ్యకి చదివి వినిపించాను. మొదటి సగం అయ్యేసరికి, "కోర్టు నోటీసా?" అన్నాడు. కాదు మన చైతన్య అన్నాను. లేచి వల దగ్గరికి పోయాడు. వల ఇంట్లో పరుచుకుని బాగుచేసుకుంటున్నాడు. బాగు చెయ్యాల్సిన కన్ను ఒక్కటీ లేదు. ఊరికే విప్పి మళ్ళీ కడుతున్నాడు. చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ భృతి వచ్చింది. వాళ్ళు మా ముందు ఆ మాటే ఎత్తరు. ఆ మర్యాదే ఎక్కువ బాధగా ఉంది.

పుష్పలత ప్రతి వారం బియ్యం తెచ్చి పోస్తోంది. "నార్వే వాళ్ళకి అన్నం పెట్టే రాత ఎంతమందికుంటుంది వదినా" అంటుంది. వెక్కిరిస్తూనే కొలత కన్నా పిడికెడు ఎక్కువ పోస్తుంది. దానికి దేశం దొరకలేదని ఏడ్చింది చూడు, ఆ దేశం దొరక్కపోబట్టే ఇవాళ నేను తింటున్నాను.

నిన్న బర్నబాస్ ఓడ దిగి ఇంటికొచ్చాడు. సంగతంతా విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నార్వేలో రేవు పొడుగునా కర్రలు పాతి, వాటికి వేల వేల చేపలు కట్టి గాలికి ఎండబెడతారట. వందల ఏళ్ళుగా అదే పనట. ఎండుచేపలు వాళ్ళే ప్రపంచానికంతా పంపుతారట. తాతకి దగ్గు నేర్పబోయావు కదరా! ఒక దేశం గురించి లెక్క రాస్తూ ఆ దేశం ఏం తింటుందో మీ ఆఫీసులో ఒక్కడూ అడగలేదా?

ఇప్పుడు అసలు సంగతి. మా బీరువాలో నీ ఉత్తరాలన్నీ ఉన్నాయి. డిసెంబరుది తీసి చదివాను. నేను వ్యాపారిని కాదని, లెక్క కోసం నువ్వే ఎక్కించావని, నీ చేత్తో రాసి, నీ పేరు పెట్టావు. పద్మజకి చూపించాను. "ఇది పట్టుకుని సోమవారం అర్జీల రోజున బాపట్లలో పెద్ద మేడం, కలెక్టరు గారి చేతికివ్వండి పిన్నీ, మీ కార్డు వారంలో వస్తుంది. కానీ రాసినాయన ఉద్యోగం అదే రోజు పోతుంది" అంది.

నీ మాట కాగితం మీద కావాలని ఎందుకు పట్టుబట్టానో ఇప్పుడు తెలిసింది. తెలిశాక ఆ కాగితం వాడబుద్ధి కాలేదు. మీ మామయ్య కూడా వద్దన్నాడు. "రెండు నెలలేగా, పడవ దిగుతుంది. వాడి పడవ మునిగితే మళ్ళీ దొరకదు" అన్నాడు.

అందుకే ఆ ఉత్తరం ఇందులో పెట్టి నీకే పంపేస్తున్నాను. నా దగ్గర ఇంకో సాక్ష్యం లేదు. చించేస్తావో దాచుకుంటావో నీ ఇష్టం. ఒక్కసారి చదువుకో.

మీ అత్త,
నాగరత్నం


బాపట్ల,
మే 27.

అత్తా,

చదివాను. చాలాసార్లు చదివాను. ఇప్పుడు నీకు రాయనిది ఒకటి రాస్తాను.

డిసెంబరులో నీ పేరు ఎక్కించేటప్పుడు తెర మీద ఎర్ర అక్షరాలతో ఒక వాక్యం వచ్చింది. "ఈ కుటుంబం వివరాలు సంక్షేమ పథకాల తనిఖీకి పంపబడును. సమ్మతమేనా?" అని. సమ్మతమే అని నొక్కాను. నొక్కి, రెండో రోజున నీకు పోయేదేమీ లేదని రాశాను. నాకు తెలియక జరిగింది కాదు అత్తా. ఏమీ కాదులే అనుకోవడం నాకు సుఖంగా ఉంది, అందుకని అనుకున్నాను. జనవరిలో జాబితాలు అటు వెళ్ళాయని తెలిసి బోర్డు దాచమన్నాను. అప్పుడూ నిజం చెప్పలేదు. సిగ్గుగా ఉంది.

మొన్న సోమవారం సెలవు పెట్టి, అర్జీల వరసలో నిలబడ్డాను. నా ముందు ముప్ఫై మంది. పెద్ద మేడం చేతికి నా డిసెంబరు ఉత్తరం, ఎర్ర అక్షరాల సంగతి రాసిన అర్జీ కలిపి ఇచ్చాను. ఆవిడ ఉత్తరం చదువుతూ తువ్వాలు దగ్గర నవ్వింది. విగ్రహం దగ్గర పక్కనున్నాయనకి కూడా చదివి వినిపించింది. "వచ్చేదీ లేదు, పోయేదీ లేదు" అన్న చోట నవ్వు ఆగిపోయింది. నీ పేరు ఆ రోజే తీసేయమని, కార్డూ భృతీ వెంటనే ఇమ్మని రాసింది. నా గురించి కూడా ఒక వాక్యం రాసింది, అది న్యాయమే.

బసవేశ్వరరావు సార్ అప్పుడూ కోప్పడలేదు. టీ తెప్పించి, "పొరపాటు చేశావు బాబూ. ఎనిమిది పైకి వెళ్ళిపోయింది, ప్రశంసాపత్రం ఫ్రేము కూడా కట్టించాను. ఇప్పుడు ఏడు చెయ్యలేం" అన్నారు. నా బల్ల సొరుగు ఖాళీ చేసుకుని వచ్చేశాను.

మర్నాడు వినయ్ కుమార్ ఫోన్ చేశాడు. నార్వే ఇప్పుడు అతనికి అప్పగించారు. "అన్నా, ఎనిమిదోది కావాలి. మీ అత్తగారి ఫ్లెక్సీ ఫోటోలో పక్కనే ఇంకొకావిడ ఉన్నారు చూడు, ఆవిడెవరు? అదే బజారు, అదే సరుకు. ఆవిడ నంబరు ఇస్తావా?" అన్నాడు. ఫోటో తీసి చూశాను. పుష్పలత గారు. మొహం మాడ్చుకుని, నీ బోర్డు వంక చూస్తూ ఉంది.

ఆవిడ నంబరు ఇవ్వలేదు, నా పేరే ఎక్కించమన్నాను. నీ ఆరంకెలు నేను అడిగినట్టే వినయ్ నావి అడిగాడు. నా ఫోనుకొచ్చినవి నేనే చదివి చెప్పాను. ఈసారి ఎర్ర వాక్యం కూడా అతని చేత పైకి చదివించుకుని సమ్మతమే అన్నాను.

కాబట్టి నార్వే ఎగుమతుల్లో ఏమీ తగ్గలేదు. ఉద్యోగం లేదు, గది వచ్చే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి, కానీ సర్కారు లెక్కలో ఇవాళ్టి నుంచి నేను ఎగుమతిదారుణ్ణి. ఏం ఎగుమతి చేస్తానో రాసే గడిలో వినయ్ ఎండుచేపలు అనే ఉంచేశాడు, మార్చడానికి బద్ధకమట.

క్షమించమని అడిగే మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

నీ మేనల్లుడు,
చైతన్య


రేపల్లె,
జూన్ 8.

చైతన్యా,

నిన్న వేలు పెడితే మిషను ఒప్పుకుంది. డీలరు నాకన్నా ముందు కేక వేశాడు. మీ మామయ్య పేరు కూడా జాబితాలోకి వచ్చింది. తన పేరు తనే చూసుకోవాలని సచివాలయానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఆయనకి చదువు రాదు. పద్మజ తెర మీద వేలు పెట్టి "ఇదండి" అని చూపిస్తే కాసేపు అలాగే చూశాడట.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఎర్ర అక్షరాల దగ్గర నీ మీద కోపంతో ఏడ్చాను. తర్వాత దానికి ఇంకోలా ఏడ్చాను. కోపం పూర్తిగా పోలేదు, పోయిందని అబద్ధం రాయను. పోయేదాకా ఎదురుగా కూర్చోబెట్టుకుని తిడతాను, అదే నీకు శిక్ష.

పుష్పలతకి సంగతి చెప్పాను. విని ఏడ్చేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "వదినా, డెన్మార్కు మాట మీ అల్లుడి దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు" అంది. నువ్వొస్తే కోడి కోస్తుందట.

గది ఖాళీ చేసి ఇక్కడికి వచ్చెయ్యి. పదిహేనో తారీఖున పడవలు దిగుతాయి, మొదటి వేట సరుకు బండెడు వస్తుంది. చేప కోసి, ఉప్పు పెట్టి, ఎండలో తిరగెయ్యడం నేర్పుతాను. నార్వే ఎగుమతిదారువి, చేప ఎండబెట్టడం రాదంటే ఆ దేశం వాళ్ళు నవ్విపోతారు. నీకిక బియ్యం కార్డు రాదు, తెలుసు. మా కార్డు మీద వచ్చేది ఇద్దరికే. కానీ కంచం ముందు కూర్చున్నప్పుడు ఏ మిషనూ వేలిముద్ర అడగదులే.

బోర్డు దింపలేదు. నా పేరున్న చోట మాత్రం సున్నం కొట్టించాను. అక్కడ నీ పేరు నువ్వే రాసుకో, అరుగు సిమెంటు పని కూడా నీ కోసమే ఆగి ఉంది.

నీ దగ్గర ఇంకా ఐదు కవర్లు మిగలాలి. అవి తిరిగి తెచ్చెయ్యి, స్టాంపులు పాడవుతాయి. ఏ బస్సుకి వస్తున్నావో ఉత్తరం రాయక్కర్లేదు. ఫోన్లో చెప్పు, నమ్ముతాను.

మీ అత్త,
నాగరత్నం